కాపీ అయిందంటే రాసేసినట్టు కాదు: లైనక్స్‌లో పెన్‌డ్రైవ్ పీకే ముందు

లైనక్స్ డెస్క్‌టాప్‌లో కాపీ పెట్టె మూసుకుపోగానే ఫైల్ పెన్‌డ్రైవ్‌లోకి చేరిపోయిందని అనుకోవడం సహజం. కానీ ఆ క్షణానికి ఫైల్ చాలావరకు ఉండేది ర్యామ్‌లోనే. పెన్‌డ్రైవ్‌లోకి రాయడం అప్పుడే మొదలై ఉండొచ్చు, అసలు మొదలే కాకపోయి ఉండొచ్చు. ఆ మధ్యలో డ్రైవ్ పీకేస్తే, జిరాక్స్ షాపుకి వెళ్లాక ఫైల్ పేరు కనిపిస్తుంది గానీ తెరిస్తే సున్నా బైట్లు. కారులో పెట్టిన పాట సగంలో ఆగిపోతుంది. పక్కింటివాళ్ల విండోస్ కంప్యూటర్‌కి పెడితే డ్రైవ్‌లో ఏదో తేడా ఉంది, స్కాన్ చేయమంటుంది.

నింద మాత్రం పెన్‌డ్రైవ్ మీదకో, లైనక్స్ మీదకో పోతుంది. నిజంగానే హార్డ్‌వేర్ తప్పు ఉన్న సందర్భాలూ తక్కువేం కాదు. వదులైన పోర్టు, నాసిరకం కేబుల్, ఆయుష్షు తీరిన ఫ్లాష్ చిప్, ఇవన్నీ ఉంటాయి. చిక్కేమిటంటే ఈ రెండు రకాల సమస్యలూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. వాటిని విడదీసి చూడటానికి కావాల్సిన ఆనవాళ్లను లైనక్స్ దాచదు. ఎక్కడ చూడాలో తెలియాలి, అంతే.

ర్యామ్‌లో ఆగిన ఫైల్

ఈ సంగతి కళ్లారా చూడొచ్చు. రూట్ కింద ప్రాక్ అనే ఫోల్డర్, అందులో మెమ్‌ఇన్ఫో అనే ఫైల్ ఉంటాయి. ఆ ఫైల్లో 'డర్టీ', 'రైట్‌బ్యాక్' అని రెండు వరుసలు కనిపిస్తాయి. ర్యామ్‌లోనే ఉండి ఇంకా డిస్కుకి చేరాల్సిన డేటా ఎంతో మొదటి వరుస చెబుతుంది. ఇప్పుడు డిస్కుకి పోతున్నది ఎంతో రెండోది చెబుతుంది. టెర్మినల్‌లో వాచ్ కమాండ్‌తో ఈ రెండు వరుసలూ సెకనుకోసారి కనిపించేలా పెట్టి, పక్కన ఇంకో కిటికీలో ఒక పెద్ద ఫైల్ కాపీ చేస్తే చాలు.

8 జీబీ ర్యామ్‌లో 6 జీబీ దాకా ఖాళీగా ఉన్న మెషీన్ అనుకుందాం. ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైల్ సిస్టమ్‌లో (డ్రైవ్‌లో ఫైళ్లను సర్దిపెట్టే పద్ధతి) ఫార్మాట్ చేసిన చవక పెన్‌డ్రైవ్, సెకనుకి 8 ఎంబీ మాత్రమే రాయగలదు. దానిలోకి 700 ఎంబీ సినిమా కాపీ పెడితే బార్ కొద్ది సెకన్లలోనే నిండిపోతుంది, పెట్టె మూసుకుంటుంది. పక్క కిటికీలో మాత్రం రెండు వరుసలూ కలిపి ఏడు లక్షల కేబీకి దగ్గరలో ఉంటాయి. అక్కడి నుంచి సెకనుకి ఎనిమిది వేల చొప్పున మెల్లగా దిగుతుంటాయి. 700ని 8తో భాగిస్తే 87 సెకన్లు, అంటే దాదాపు నిమిషన్నర. కాపీ అయిపోయిందని తెర చెప్పాక ఇంకా నిమిషానికి పైగా ఆ సినిమా పెన్‌డ్రైవ్‌లో పూర్తిగా లేదు.

మార్కెట్ యార్డులో తూకం వేసి చీటీ ఇచ్చేశారు, బస్తాలు మాత్రం ఇంకా ఆరుబయటే ఉన్నాయి. ఈలోగా వాన పడితే చీటీ చేతిలో ఉన్నా ధాన్యం తడుస్తుంది. ఇక్కడ పరిస్థితి సరిగ్గా అదే.

లైనక్స్‌లో హార్డ్‌వేర్‌ని నడిపే కీలక భాగమైన కెర్నెల్ ఇలా చేయడానికి గట్టి కారణమే ఉంది. ర్యామ్ వేగంతో పోలిస్తే ఏ డిస్కయినా నత్తనడకే. రాసే ప్రతి ముక్క కోసం ప్రోగ్రామ్ ఆగి ఎదురుచూస్తే కంప్యూటర్ మొత్తం ఈడ్చుకుంటూ నడుస్తుంది. అందుకే కెర్నెల్ డేటాను తన దగ్గర ఉంచుకుని ప్రోగ్రామ్‌ని వెంటనే వదిలేస్తుంది, తర్వాత తీరిగ్గా, చిన్న చిన్న ముక్కల్ని కలిపి డిస్కుకి పంపుతుంది. ఎవరూ సెట్టింగులు మార్చకపోతే దీనికి లెక్కలున్నాయి. రాయాల్సిన డేటా, వాడుకోవడానికి వీలున్న మెమరీలో 10 శాతం దాటితే వెనకాల రాయడం మొదలవుతుంది. 20 శాతానికి చేరితే, రాస్తున్న ప్రోగ్రామ్‌నే ఆపి ఉంచుతుంది. అంత పోగు కాకపోయినా, 30 సెకన్లు దాటిన డేటాను పంపేస్తుంది. ఇందుకోసం ప్రతి 5 సెకన్లకోసారి లేచి చూసుకుంటుంది.

ఈ 30 సెకన్ల లెక్కలోనే అసలు ప్రమాదం దాగి ఉంది. పెద్ద సినిమా కాపీ చేసినప్పుడు కనీసం పెన్‌డ్రైవ్ లైటు మిణుకుమంటూ హెచ్చరిస్తుంది. రెండొందల కేబీ బయోడేటా సేవ్ చేసినప్పుడు? పది శాతం హద్దు దరిదాపుల్లోకి కూడా రాదు కాబట్టి కెర్నెల్‌కి తొందరేమీ ఉండదు. ఆ ఫైల్ అర నిమిషం పాటు ర్యామ్‌లోనే కూర్చుని ఉండొచ్చు. ఆ అర నిమిషం లైటు వెలగదు, ఏ కదలికా కనిపించదు. 'లైటు ఆగిందిగా, పీకేయొచ్చు' అనే నమ్మకం సరిగ్గా ఇక్కడ దెబ్బతీస్తుంది. లైటు ఆగిందంటే రాయడం పూర్తయిందనే కాదు, ఇంకా మొదలవలేదనీ కావచ్చు. ఇంటర్వ్యూకి పోతూ పోతూ చివరి నిమిషంలో సేవ్ చేసుకున్న చిన్న ఫైళ్లే ఎక్కువగా ఇలా పోతాయి.

అన్ని డ్రైవ్‌లూ ఒకేలా ప్రవర్తించవు. ఫ్యాట్32 అనే పాత ఫైల్ సిస్టమ్‌లో ఉన్న పెన్‌డ్రైవ్‌ని డెస్క్‌టాప్ తనంతట తాను మౌంట్ చేసేటప్పుడు (అంటే వాడటానికి వీలుగా కలుపుకునేటప్పుడు) సాధారణంగా 'ఫ్లష్' అనే ఆప్షన్ కలుపుతుంది. దానివల్ల రాయడం కాస్త ముందుగానే మొదలవుతుంది. 'ఫ్యాట్32లో ఎప్పుడూ ఏం కాలేదు, ఎక్స్‌ఫ్యాట్‌కి మారాకే ఫైళ్లు పోతున్నాయి' అనేవాళ్ల అనుభవం వెనక ఇదొక కారణం. అలాగే కొన్ని ప్రోగ్రాములు సేవ్ చేసేటప్పుడే 'డిస్కుకి చేరేదాకా ఆగుతాను' అని కెర్నెల్‌ని అడుగుతాయి. అన్నీ అడగవు. ఏది అడుగుతుందో ఏది అడగదో వాడేవాళ్లు గుర్తుపెట్టుకోవాలనడం న్యాయం కాదు.

శాతాల లెక్క మెమరీ తక్కువగా ఉన్న రోజుల్లో పుట్టింది. 16 జీబీ మెషీన్‌లో 20 శాతమంటే 3 జీబీ దాటుతుంది. సెకనుకి 8 ఎంబీ రాసే పెన్‌డ్రైవ్‌కి ఆ మూడు జీబీ మింగడానికి ఆరు నిమిషాలు పైనే పడుతుంది. పైగా ఆ సమయంలో పెన్‌డ్రైవ్‌తో సంబంధం లేని పనులు కూడా తడబడొచ్చు. 2013లోనే కెర్నెల్ డెవలపర్ల మధ్య దీనిమీద గట్టి చర్చ నడిచింది. శాతాల బదులు నేరుగా బైట్లలో హద్దు పెట్టుకునే సెట్టింగులు అప్పటికే ఉన్నాయి గానీ, అవి మెషీన్‌లోని అన్ని డిస్కులకూ కలిపి వర్తిస్తాయి. పెన్‌డ్రైవ్ కోసం హద్దు తగ్గిస్తే లోపలి ఎస్ఎస్‌డీ కూడా దాని కిందకే వస్తుంది. 6.2 కెర్నెల్ నుంచి ఒక్కో పరికరానికి విడిగా గట్టి హద్దు పెట్టే వీలు వచ్చింది. ఈ హద్దును బయటి డ్రైవ్‌లన్నిటికీ డిస్ట్రోలే (ఉబుంటు, ఫెడోరా లాంటి లైనక్స్ రకాలే) ముందుగా పెట్టి ఇవ్వాలి. కాపీ బార్ నిజం చెప్పేలా చేయడం వాడేవాళ్ల పని కాదు.

బూటబుల్ పెన్‌డ్రైవ్ తయారుచేసేవాళ్లు కూడా ఇదే గోతిలో పడుతుంటారు. డీడీ కమాండ్‌తో ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ డిస్క్ మొత్తం ఉండే ఒకే ఫైల్) రాస్తే మొదట్లో సెకనుకి వందల ఎంబీ వేగం చూపిస్తుంది. ఏ చవక పెన్‌డ్రైవూ అంత వేగంగా రాయలేదు, అది ర్యామ్ వేగం. ఆ అంకెను నమ్మి, పని అయిపోయిందనుకుని పీకేసి ఇన్‌స్టాల్‌కి పెడితే సగంలో తప్పు చూపిస్తుంది, ఐఎస్ఓ డౌన్‌లోడ్ సరిగా కాలేదేమోనని మళ్లీ గంటసేపు డౌన్‌లోడ్. డీడీకి 'కన్వ్' ఆప్షన్‌లో 'ఎఫ్‌సింక్' అని చేరిస్తే, చివరి బైటు పెన్‌డ్రైవ్‌కి చేరాకే ప్రాంప్ట్ (తర్వాతి కమాండ్ కోసం టెర్మినల్ చూపే గుర్తు) వస్తుంది.

ఇంత గొడవ ఎందుకు, ఎప్పటికప్పుడు నేరుగా రాసేలా 'సింక్' ఆప్షన్‌తో మౌంట్ చేసుకోవచ్చు కదా అనిపిస్తుంది. చేసుకోవచ్చు, కానీ రాసే వేగం బాగా పడిపోతుంది. అంతకంటే ముఖ్యంగా, ఫైల్ పెరుగుతున్న కొద్దీ ఫ్యాట్ పట్టికను పదేపదే రాయాల్సి వస్తుంది. ఫ్లాష్ చిప్‌కి ఇన్నిసార్లే రాయగలమనే హద్దు ఉంటుంది కాబట్టి దాని ఆయుష్షు తరుగుతుంది. మౌంట్ కమాండ్ మాన్యువల్ కూడా ఈ విషయంలో హెచ్చరిస్తుంది.

అన్‌మౌంట్, ఎజెక్ట్, పవర్ ఆఫ్

ఫైల్ మేనేజర్‌లో డ్రైవ్ పేరు పక్కన ఉండే ఆ చిన్న బాణం గుర్తును నొక్కితే ఏం జరుగుతుంది? మూడు వేర్వేరు పనులున్నాయి, వాటిని ఒకటిగా చూడటం వల్లే అయోమయం.

అన్‌మౌంట్ అంటే ఫైల్ సిస్టమ్‌ని విడదీయడం. ర్యామ్‌లో మిగిలినదంతా డ్రైవ్‌కి రాసి, పట్టికలు సరిచేసి, 'శుభ్రంగా మూశాం' అని డ్రైవ్‌లో గుర్తు పెట్టాకే ఇది పూర్తవుతుంది. టెర్మినల్‌లో దీని కమాండ్ 'యూమౌంట్', అందులో ఎన్ అక్షరం ఉండదు. కొత్తవాళ్లు ఎన్ చేర్చి, కమాండ్ లేదంటోందని కంగారుపడతారు. పెన్‌డ్రైవ్ విషయంలో ఈ ఒక్క పని సరిగ్గా జరిగితే డేటా వరకు భద్రమే.

ఎజెక్ట్ అన్నది మీడియాని బయటికి పంపమని పరికరానికి చెప్పడం, సీడీ డ్రైవ్‌ల కాలం నుంచి వచ్చిన మాట. పవర్ ఆఫ్ వీటన్నిటికంటే ముందుకు వెళ్తుంది. డెస్క్‌టాప్ వెనక పనిచేసే యూడిస్క్స్ అనే సర్వీసు, డ్రైవ్‌ని ఎవరూ వాడటం లేదని చూసుకుంటుంది. డ్రైవ్ తన సొంత క్యాష్‌లో దాచుకున్నది కూడా రాసేయమంటుంది. ఆ తర్వాత యూఎస్‌బీ పరికరాన్ని విడదీసి, అది తగిలించి ఉన్న పోర్టును ఆపుతుంది. తిరిగే హార్డ్ డిస్కులకు ఇది చాలా ముఖ్యం. హెడ్లు (చదివి రాసే ముక్కులు) పక్కకు చేరి, ప్లాటర్లు (లోపల తిరిగే పళ్లేలు) ఆగాక డ్రైవ్ తీయొచ్చు. అలా కాకుండా తిరుగుతుండగా పీకేస్తే డ్రైవ్ మిగిలిన కాస్త శక్తితో హెడ్లను హడావుడిగా వెనక్కి లాగుతుంది. చాలా డిస్కులు తమ ఆరోగ్యం గురించి తామే రాసుకునే స్మార్ట్ రిపోర్టులో 192వ నంబరు కింద ఈ లెక్క పడుతుంది.

పవర్ ఆఫ్ చేశాక కూడా లైటు వెలుగుతూ ఉంటే భయపడక్కర్లేదు. చాలా మదర్‌బోర్డుల్లో, హబ్బుల్లో ఒక్కో పోర్టుకి కరెంటు నిజంగా ఆపే ఏర్పాటు ఉండదు. డేటా సంబంధం తెగుతుంది, 5 వోల్టులు వస్తూనే ఉంటాయి.

గ్నోమ్ డెస్క్‌టాప్‌లో బాణం గుర్తు నొక్కాక, రాయాల్సింది మిగిలి ఉంటే డ్రైవ్ తీయొద్దని చిన్న నోటిఫికేషన్ వస్తుంది, అయ్యాక ఇక తీయొచ్చని ఇంకోటి వస్తుంది. కేడీఈ డెస్క్‌టాప్‌లో పరికరాల గుర్తు దగ్గరే తెలుస్తుంది. ఈ రెండో మాట వచ్చేదాకా ఆగడమే అసలు సంగతి. బాణం నొక్కిన వెంటనే పీకేవాళ్లు సగం పని మాత్రమే చేసినట్టు. పెద్ద కాపీ తర్వాత ఆ మాట రావడానికి రెండు మూడు నిమిషాలు పడితే అది హ్యాంగ్ కాదు. పైన లెక్కేసిన నిమిషన్నర లాంటి సమయమే ఇప్పుడు గడుస్తోంది.

విండోస్ నుంచి వచ్చినవాళ్లకి ఈ ఎదురుచూపు విసుగనిపిస్తుంది. దానికీ కారణముంది. విండోస్ 10లో 2018 నాటి 1809 వెర్షన్ నుంచి బయటి డ్రైవ్‌లకు 'క్విక్ రిమూవల్' అనేది డిఫాల్ట్ అయింది. అంటే రాసేదాన్ని ర్యామ్‌లో పోగు పెట్టకుండా వేగంగా డ్రైవ్‌కి పంపడం. అక్కడ పీకేసినా ఏం కాలేదన్న అలవాటు ఇక్కడ పనికిరాదు.

'టార్గెట్ ఈజ్ బిజీ'

అన్‌మౌంట్ కానంటే ఏదో ప్రోగ్రామ్ ఆ డ్రైవ్‌ని పట్టుకుని ఉందని అర్థం. ఎక్కువసార్లు కారణం చాలా చిన్నది. టెర్మినల్‌లో ఆ ఫోల్డర్ లోపలే కూర్చుని అక్కడి నుంచే అన్‌మౌంట్ చేయబోవడం, పీడీఎఫ్ తెరిచి కిందికి తగ్గించి మర్చిపోవడం, మ్యూజిక్ ప్లేయర్ పాటను పాజ్‌లో ఉంచడం. కొన్నిసార్లు మనం ఏమీ తెరవకపోయినా, ఫొటోలకు చిన్న బొమ్మలు తయారుచేసే ప్రోగ్రామో, ఫైళ్లను వెతకడానికి వీలుగా చదివి పెట్టుకునే ట్రాకర్, బలూ లాంటివో పనిలో ఉండొచ్చు. ఎల్ఎస్ఓఎఫ్ కమాండ్‌కి మౌంట్ అయిన ఫోల్డర్ పేరిస్తే పట్టుకున్నది ఎవరో పేరుతో సహా చెబుతుంది. ఫ్యూజర్ కమాండ్ కూడా ఇదే పని చేస్తుంది.

ఇక్కడ ఒక తప్పుడు దారి ఉంది. యూమౌంట్‌కి ఎల్ ఆప్షన్ కలిపితే 'లేజీ' అన్‌మౌంట్ జరుగుతుంది. బిజీ అన్న మాట రాదు, డ్రైవ్ జాబితాలోంచి వెంటనే మాయమవుతుంది. సమస్య తీరిపోయినట్టే ఉంటుంది. నిజానికి పేరు మాత్రమే మాయమైంది. పట్టుకున్న ప్రోగ్రామ్ వదిలేదాకా వెనకాల ఫైల్ సిస్టమ్ బతికే ఉంటుంది, రాయడమూ సాగుతుంటుంది. ఎప్పుడు పూర్తయిందో చెప్పేవాళ్లు ఉండరు. డ్రైవ్ తీయడానికని ఈ ఆప్షన్ వాడటం, చెప్పకుండా పీకేయడంతో దాదాపు సమానం. తొందరలో ఉండి, ఏ దారీ లేకపోతే 'సింక్' కమాండ్ ఇచ్చి ప్రాంప్ట్ వచ్చేదాకా ఆగి, ఆ తర్వాత తీయడం ఎంతో మేలు. శుభ్రంగా మూసిన గుర్తు పడదు గానీ, అప్పటిదాకా సేవ్ చేసినది డ్రైవ్‌కి చేరుతుంది.

పీకేస్తే లోపల ఏమవుతుంది

నష్టం మూడు అంచెల్లో ఉంటుంది. ర్యామ్‌లో ఆగినది పోవడం మొదటిది, దాని సంగతి చూశాం.

రెండోది ఫైల్ సిస్టమ్ గందరగోళం. ఫ్యాట్‌లో ఫైల్ పేరు ఒకచోట, ఆ ఫైల్ ఏ ముక్కల్లో ఉందో చెప్పే పట్టిక ఇంకోచోట ఉంటాయి. ఒకటి రాసి రెండోది రాయకముందే కరెంటు తెగితే పేరుంటుంది, లోపల ఏమీ ఉండదు. డ్రైవ్‌లో 'సరిగ్గా మూయలేదు' అనే గుర్తు మిగిలిపోతుంది, మళ్లీ పెట్టినప్పుడు ఎఫ్ఎస్‌సీకే (ఫైల్ సిస్టమ్‌ని పరీక్షించి సరిచేసే కమాండ్) నడపమని కెర్నెల్ లాగ్‌లో రాస్తుంది. ఆ లాగ్ ఎవరూ చూడరు. వాడకం అలాగే సాగుతుంది, పట్టికలో తేడా ఎక్కడో ఎదురుపడ్డాక కెర్నెల్ ఇంకా పాడుకాకుండా డ్రైవ్‌ని చదవడానికి మాత్రమే వీలుగా మార్చేస్తుంది. అప్పుడు తెర మీద 'రీడ్-ఓన్లీ ఫైల్ సిస్టమ్' అని వస్తుంది. పర్మిషన్లు మార్చడం, రూట్‌గా లాగిన్ కావడం లాంటివి ఎన్ని చేసినా అది కదలదు, ఎందుకంటే అది పర్మిషన్ల సమస్యే కాదు. డ్రైవ్‌ని అన్‌మౌంట్ చేసి ఎఫ్ఎస్‌సీకే నడిపి మళ్లీ మౌంట్ చేయాలి. పేరు పోగొట్టుకున్న ముక్కలేమైనా ఉంటే 'ఎఫ్ఎస్‌సీకే0000' లాంటి పేర్లతో, ఆర్ఈసీ ఎక్స్‌టెన్షన్‌తో రూట్ ఫోల్డర్‌లో పడతాయి. పోయిందనుకున్న పత్రం వాటిలో ఒక్కోసారి దొరుకుతుంది.

విండోస్ సొంత ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఉన్న డ్రైవ్‌ల గొడవ వేరు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ అన్నది పూర్తి షట్‌డౌన్ కాదు, సగం నిద్ర. ఆ సమయంలో తగిలించి ఉన్న డ్రైవ్‌ని తెచ్చి లైనక్స్‌కి పెడితే మౌంట్ చేయడానికి ఒప్పుకోదు, లేదా చదవడానికే ఇస్తుంది. బలవంతంగా మౌంట్ చేయడం కంటే ఆ డ్రైవ్‌ని తిరిగి విండోస్‌కి పెట్టి చెక్‌డిస్క్ నడిపి, సరిగ్గా ఎజెక్ట్ చేసి తెచ్చుకోవడమే మంచి పని. లైనక్స్ ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4కి జర్నల్ (చేయబోయే మార్పుల చిట్టా) ఉంటుంది కాబట్టి ఫైల్ సిస్టమ్ నిర్మాణం త్వరగా కోలుకుంటుంది. కానీ జర్నల్ కాపాడేది ప్రధానంగా ఆ నిర్మాణాన్నే. ర్యామ్ దాటని ఫైల్‌ని అదీ తేలేదు.

మూడో అంచె గురించి మాట్లాడేవాళ్లు తక్కువ, కానీ అదే అన్నిటికంటే చెడ్డది. పెన్‌డ్రైవ్ లోపల ఒక చిన్న కంట్రోలర్ ఉంటుంది. ఫ్లాష్‌లో ఒక ముక్క మార్చాలంటే అక్కడికక్కడ చెరిపి రాయడం కుదరదు. చెరపడం పెద్ద పెద్ద బ్లాకుల లెక్కన జరుగుతుంది. అందుకే కంట్రోలర్ డేటాను ఒకచోట నుంచి ఇంకోచోటికి మారుస్తూ, ఏది ఎక్కడుందో తన సొంత పట్టికలో రాసుకుంటూ ఉంటుంది. ఆ పట్టిక రాస్తుండగా కరెంటు తెగితే పోయేది ఒక ఫైల్ కాదు. డ్రైవ్ మొత్తం సున్నా బైట్లుగా కనిపించొచ్చు, లేదా అసలు గుర్తింపే రాకపోవచ్చు. చవక పెన్‌డ్రైవ్‌లలో ఇలాంటి సమయానికి ఆదుకునే కెపాసిటర్ ఉండదు. ఎఫ్ఎస్‌సీకేకి గానీ, ఫార్మాట్‌కి గానీ ఇది లొంగదు. ఒకసారి పీకేసినా ఏం కాలేదు, వందసార్లు పీకేసినా ఏం కాలేదు అనే ధీమా మీద పడే దెబ్బ ఇదే.

తప్పు హార్డ్‌వేర్‌దే అయినప్పుడు

ఎంత జాగ్రత్తగా ఎజెక్ట్ చేసినా డ్రైవ్ దానంతట అదే మధ్యలో పోతుంటే, చూడాల్సింది కెర్నెల్ లాగ్. డి, ఎం, ఇ, ఎస్, జి అనే ఐదు అక్షరాల కమాండ్‌ని డబ్ల్యూ ఆప్షన్‌తో, అడ్మిన్ హక్కులిచ్చే సుడోతో నడిపి, ఆ కిటికీ తెరిచే ఉంచి డ్రైవ్ తగిలించాలి. ఏం జరుగుతోందో అక్కడ వరుసగా పడుతుంది.

తగిలించగానే వచ్చే మొదటి వరుసలోనే ఒక ముఖ్యమైన మాట ఉంటుంది. 'హై-స్పీడ్' అని ఉంటే అది యూఎస్‌బీ 2, అంటే 480 మెగాబిట్లు. 'సూపర్‌స్పీడ్' అని ఉంటే యూఎస్‌బీ 3, 5 గిగాబిట్ల నుంచి మొదలు. పేరు చూసి హై-స్పీడే మెరుగని పొరబడటం మామూలే. యూఎస్‌బీ 3 డ్రైవ్‌ని నీలం రంగు పోర్టుకి పెట్టినా హై-స్పీడ్ అనే వస్తుంటే కేబుల్ మీద అనుమానపడాలి. ఒక్కోసారి కారణం ఇంకా చిన్నది. యూఎస్‌బీ 3 పిన్నులు లోపలి వైపు ఉంటాయి. మెల్లగా తోస్తే ముందు పాత పిన్నులే తగిలి, డ్రైవ్ యూఎస్‌బీ 2గా నమోదైపోతుంది. తీసి ఒక్క ఊపున గట్టిగా పెడితే సరిపోతుంది.

తప్పుల్లో తరచూ కనబడేవి రెండు నంబర్లు. మైనస్ 71 అంటే ప్రోటోకాల్ తప్పు, మాటలు వినబడుతున్నాయి గానీ అర్థం కావడం లేదని. కేబుల్, వదులైన పోర్టు, మధ్యలో హబ్, వీటినే ముందుగా అనుమానించాలి. మైనస్ 110 అంటే పరికరం ఎంతసేపటికీ జవాబివ్వలేదని. కరెంటు చాలనప్పుడు ఇది ఎక్కువ. యూఎస్‌బీ 2 పోర్టు 500 మిల్లీయాంపులు, యూఎస్‌బీ 3 పోర్టు 900 మిల్లీయాంపులు ఇస్తుందని ప్రమాణం. పోర్టబుల్ హార్డ్ డిస్క్ తిరగడం మొదలుపెట్టే క్షణంలో అంతకంటే ఎక్కువ లాగొచ్చు. అసెంబుల్డ్ డెస్క్‌టాప్‌లో కేబినెట్ ముందు ఉండే పోర్టులు ఒక సన్నటి వైరుతో మదర్‌బోర్డుకి కలుస్తాయి. ఆ వైరులోనే వోల్టేజీ కొంత పడిపోతుంది. డిస్క్ టిక్ టిక్ మంటూ మళ్లీ మళ్లీ మొదలవుతుంటే, దాన్ని పాడైందని పారేసే ముందు కేబినెట్ వెనక, మదర్‌బోర్డు మీదే ఉన్న పోర్టుకి పొట్టి కేబుల్‌తో పెట్టి చూడాలి. చాలా డిస్కులు అక్కడ ఏ గొడవా లేకుండా పనిచేస్తాయి.

మన ఇళ్లలో ఇంకో సంగతి కూడా ఉంది. కేబినెట్ ఇనుప భాగం ముట్టుకుంటే జిల్లుమంటుంటే ఎర్తింగ్ లేదని అర్థం. ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్ పవర్ సప్లై) లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల, ఎర్త్ లేనప్పుడు కేబినెట్ మీద మెయిన్స్‌లో దాదాపు సగం వోల్టేజీ తేలుతుంటుంది. సొంత అడాప్టర్ ఉన్న పెద్ద హార్డ్ డిస్క్‌ని అలాంటి కంప్యూటర్‌కి తగిలించేటప్పుడు పోర్టులకూ పరికరాలకూ మంచిది కాదు. మూడో పిన్ను విరిచేసిన ప్లగ్గు, రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఉంటే అవే ముందుగా మార్చాలి. ఇది డేటా కంటే పెద్ద విషయం, మనుషుల భద్రత.

డ్రైవ్ పెట్టగానే వైర్‌లెస్ మౌస్ ఆగి ఆగి కదులుతుంటే అదీ లైనక్స్ తప్పు కాదు. యూఎస్‌బీ 3 సంకేతాల నుంచి వచ్చే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ పరికరాలకు అడ్డుపడుతుందని ఇంటెల్ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. మౌస్ రిసీవర్‌ని చిన్న ఎక్స్‌టెన్షన్ వైరుతో దూరంగా పెడితే తగ్గిపోతుంది.

సాఫ్ట్‌వేర్‌కీ హార్డ్‌వేర్‌కీ మధ్యలో నిలబడే సమస్య ఒకటుంది, అది యూఎస్‌బీ డ్రైవ్‌కి ఆదేశాలు పంపే యూఏఎస్ అనే కొత్త పద్ధతితో వస్తుంది. పాత పద్ధతిలో డ్రైవ్‌కి ఒకసారికి ఒకే ఆదేశం వెళ్తుంది. యూఏఎస్‌లో ఒకేసారి చాలా పంపొచ్చు, అందుకే వేగం. కానీ సాటా డిస్క్‌ని యూఎస్‌బీకి కలిపే ఎన్‌క్లోజర్లలోని కొన్ని చిప్‌లు యూఏఎస్ వచ్చని చెప్పుకుంటాయి, బరువు పడితే తడబడతాయి. చిన్న ఫైళ్లకు ఏం కాదు, పెద్ద బ్యాకప్ మధ్యలో డ్రైవ్ అర నిమిషం స్తంభించి, రీసెట్ అయి, మళ్లీ నడుస్తుంది. లాగ్‌లో యూఏఎస్ పేరుతో అబార్ట్ అన్న మాటలు, తర్వాత రీసెట్ అన్న మాట వరుసగా కనిపిస్తే ఇదేనని గట్టిగా అనుమానించొచ్చు. అలాంటి చిప్‌ల జాబితా కెర్నెల్ సోర్స్‌లోనే ఉంది, వాటి విషయంలో ముందే సర్దుకుంటుంది. జాబితాలో లేని చిప్ అయితే, ఎల్ఎస్‌యూఎస్‌బీ చూపించే రెండు సంఖ్యల గుర్తింపును, యూ అక్షరంతో కలిపి, యూఎస్‌బీ-స్టోరేజ్ క్వర్క్స్ అనే బూట్ పారామీటర్‌లో ఇస్తే ఆ పరికరానికి మాత్రం పాత పద్ధతే వాడుతుంది. వేగం కొంత తగ్గుతుంది, బ్యాకప్ మాత్రం చివరిదాకా వెళ్తుంది.

హార్డ్ డిస్క్ పాడైందా, కేబుల్ పాడైందా అని తేల్చడానికి స్మార్ట్ రిపోర్టులో మూడు వరుసలు చూడాలి. 5వది మార్చేసిన సెక్టార్ల లెక్క, 197వది చదవలేక అనుమానంలో పెట్టిన సెక్టార్ల లెక్క. ఈ రెండూ పెరుగుతుంటే డిస్క్ పోతున్నట్టే. అవి సున్నాగా ఉండి 199వది పెరుగుతుంటే తప్పు డిస్క్‌లో కాకుండా, డిస్క్‌ని ఎన్‌క్లోజర్‌కి కలిపే సాటా కనెక్టర్‌లో గానీ కేబుల్‌లో గానీ ఉండొచ్చు. యూఎస్‌బీ ఎన్‌క్లోజర్ వెనక ఉన్న డిస్క్ కాబట్టి స్మార్ట్‌సీటీఎల్ కమాండ్‌కి చాలాసార్లు పరికరం రకం 'శాట్' అని చెప్పాల్సి వస్తుంది.

పెన్‌డ్రైవ్‌లో మొదటి కొన్ని జీబీ బాగానే ఉండి, ఆ తర్వాత పెట్టిన ఫైళ్లన్నీ చెడిపోతుంటే సామర్థ్యమే అబద్ధమై ఉండొచ్చు. లోపల 8 జీబీ చిప్ పెట్టి 128 జీబీ అని చెప్పేలా కంట్రోలర్‌ని మార్చిన నకిలీలు మార్కెట్లో ఉన్నాయి. ఎఫ్3 అనే చిన్న టూల్ డ్రైవ్‌ని నింపి, రాసినదాన్ని తిరిగి చదివి, నిజంగా ఎంత ఉందో చెబుతుంది. కొత్త డ్రైవ్‌లో పెళ్లి ఫొటోలు పెట్టే ముందు ఒకసారి దీన్ని నడపడం మంచిది.

లాగ్‌లో 'రైట్ ప్రొటెక్ట్ ఈజ్ ఆన్' అని వస్తోంది, డ్రైవ్ మీద లాక్ స్విచ్ ఏదీ లేదు అంటే ఫ్లాష్ చిప్ తన హద్దుకి వచ్చి, కంట్రోలర్ రాయడాన్ని మూసేసి ఉండొచ్చు. దాన్ని మళ్లీ తెరిచే కమాండ్ కోసం వెతకడం సమయం వృథా. చదవడానికి ఇస్తున్నంతసేపట్లో ఉన్నది కాపీ చేసుకోవాలి.

చదివేటప్పుడే ఐఓ ఎర్రర్లు వస్తున్న డ్రైవ్ మీద మాత్రం ముందుగా ఎఫ్ఎస్‌సీకే నడపకూడదు. అది పట్టికలు సరిచేయడానికి అదే డ్రైవ్ మీద రాస్తుంది, ఊపిరి మీదున్న డ్రైవ్ ఆ భారం మోయలేదు. మొదట గ్నూ డీడీరెస్క్యూతో డ్రైవ్ మొత్తాన్ని ఇంకో డిస్కులోకి ఇమేజ్‌గా, అంటే ఒకే ఫైల్‌గా తీయాలి. మామూలు కాపీలా చెడిన చోట ఆగిపోకుండా, బాగున్న భాగాలన్నీ ముందు తీసుకుని, చెడినచోట్లకి తర్వాత తిరిగి వస్తుంది. ఎక్కడిదాకా అయిందో ఒక మ్యాప్ ఫైల్లో రాసుకుంటుంది. డ్రైవ్ వేడెక్కి మధ్యలో పోయినా, చల్లారాక మళ్లీ పెట్టి అక్కడి నుంచే కొనసాగించొచ్చు. ఆ మ్యాప్ ఫైల్, ఇమేజ్ రెండూ మంచి డిస్కులోనే ఉండాలి. ఆ తర్వాత ఎఫ్ఎస్‌సీకే అయినా, పోయిన ఫైళ్లను వెతికే ఫొటోరెక్ అయినా నడపాల్సింది ఇమేజ్‌కి తీసిన ఇంకో కాపీ మీద. పాత డ్రైవ్‌ని తీసి డబ్బాలో పెట్టేయాలి.